తొమ్మిది వోల్టుల అబద్ధం

ఈ టపా కొందరికి రుచించకపోవచ్చును. ఏటా విద్యాసంవత్సరం చివర్లో విద్యార్థుల చేత "స్మార్టు వ్యవసాయం" పేరిట ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులకు రుచించదు. ఆ ప్రాజెక్టులకు కావలసిన సరంజామాను పొట్లాలు కట్టి అమ్మే దుకాణదారులకు అసలే రుచించదు. ఐదు నిమిషాల వీడియోలో విద్యనంతా బోధించి పంపే మిత్రులకు కోపం కూడా రావచ్చును. అయినా ఎవరో ఒకరు చెప్పక తప్పని మాట గనుక చెబుతున్నాను.

నా వాదం ఇది. మైక్రోకంట్రోలరు బోర్డును బ్యాటరీతో నడపడమనేది పని అంతా ముగిశాక చివర్లో తగిలించే తోక కాదు. పని అక్కడే మొదలు కావాలి. ఎన్నాళ్ళు బ్రతుకుతుందో చెప్పలేని పరికరాన్ని పొలానికి పంపడం రైతును మోసగించడమే. ఆ మోసానికి మన కళాశాలల్లో గుర్తుగా నిలిచినది తొమ్మిది వోల్టుల బ్యాటరీ.

ఈ రంగంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. మైక్రోకంట్రోలరు అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటరు. దాన్ని నేర్చుకునేవారికి వీలుగా, కంప్యూటరుకు తగిలించే తంతి, దీపాలు, పిన్నులు అన్నీ అమర్చి ఇచ్చే పలకను డెవలప్‌మెంటు బోర్డు అంటారు. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, రూపకల్పన చదివే విద్యార్థుల కోసం పుట్టింది. మన వాళ్ళు విరివిగా వాడే "యూనో" 2010లో వచ్చింది. అది బల్ల మీద, కంప్యూటరు పక్కన, యూఎస్‌బీ తంతి ద్వారా కరెంటు తాగుతూ కూర్చోవడానికి తయారైనది. ఆ పని అది అద్భుతంగా చేస్తుంది. కావున నా తగాదా ఆ బోర్డుతో కాదు. దాన్ని తెచ్చి చెలకలో నిలబెట్టి, ఇక ఇది బ్రతుకుతుందిలే అని చేతులు దులుపుకునే వారితో.

నేను ఉండేది ఆలేరులో. సికింద్రాబాదు, కాజీపేటల నడుమ రైలుబండి ఆగే చిన్న పట్టణం. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ ఏడాది అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. జిల్లా పేరు మారినా చుట్టూ ఉన్న ఎర్రచెలకలు, బోరుబావులు, నేతపని వారి ఇళ్ళు మారలేదు. రెండేళ్ళ కిందట ఇటువైపు ఒక కళాశాలలో విద్యార్థుల ప్రదర్శన చూడబోయాను. ఆ కళాశాల పేరు అనవసరం, ఎందుకంటే ఏ కళాశాలకు వెళ్ళినా ఇదే దృశ్యం. నేలలో తేమ కొలిచి మోటరు వేసే యంత్రాలు అక్కడ ఏడు ఉన్నాయి. ఏడింటికీ యూనో బోర్డే. ఏడింటికీ తొమ్మిది వోల్టుల బ్యాటరీయే. ప్రతి బల్ల దగ్గరా ఒకటే ప్రశ్న వేశాను: "ఇది పొలంలో ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" ఆరు బల్లల దగ్గర మౌనం. ఏడో బల్ల దగ్గర ఒక అమ్మాయి మాత్రం నిజాయితీగా జవాబిచ్చింది: "డెమో అయ్యేదాకా వస్తది సార్."

ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. నాలుగేళ్ళ చదువులో ఆ ప్రశ్న ఆమెను ఎవ్వరూ అడగలేదు. ఆమె పక్కన నిలుచున్న అధ్యాపకుడు మాత్రం నవ్వాడు. ఈ టపా ఆ నవ్వు గురించి.

ఇక లెక్కకు వద్దాం. ఇందులో కష్టమైన గణితమేమీ లేదు. భాగహారం వస్తే చాలును.

తొమ్మిది వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో ఒకటిన్నర వోల్టు సెల్లులు చిన్నచిన్నవి ఆరు వరుసగా ఉంటాయి. డబ్బా చిన్నది, సెల్లులు ఆరు. అందువల్ల ఒక్కో సెల్లు వంతుకు పదార్థం బహు తక్కువ. మొత్తం సామర్థ్యం సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలు, అదీ కొద్దికొద్దిగా తోడుకుంటేనే. చవకరకం జింకు-కార్బన్ బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. యూనో బోర్డు ఏ పనీ చేయకుండా ఖాళీగా కూర్చున్నా దాదాపు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 500ను 50తో భాగిస్తే పది. పది గంటలు. ఇది కాగితం మీది లెక్క. ఆ బోర్డు మీది రెగ్యులేటరుకు 7 వోల్టులైనా లోపలికి రావాలి. బ్యాటరీ వోల్టేజి వాడేకొద్దీ జారిపోతుంది గనుక, దానిలో ఇంకా సరుకు ఉండగానే బోర్డు తడబడటం మొదలవుతుంది. పొద్దున పెట్టిన యంత్రం సాయంత్రం పశువులు ఇల్లు చేరే వేళకు ఉంటుందో లేదో చెప్పలేము.

ఇంకో సంగతి. బోర్డులోని చిప్పుకు కావలసినది 5 వోల్టులు. మనం ఇస్తున్నది 9. మిగిలిన 4 వోల్టులను ఆ రెగ్యులేటరు ఏం చేస్తుంది? వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. అంటే బ్యాటరీకి మీరు పెట్టిన ప్రతి రూపాయిలో 44 పైసలు గాలిని వెచ్చబెట్టడానికే పోతున్నవి. వేసవిలో మా నల్లగొండ వైపు గాలికి ఆ సేవ అక్కరలేదు.

ఇంత చెప్పినా ఇది ఉత్త డబ్బు దండగ వ్యవహారమని అనుకునేవారు ఉంటారు. అసలు ప్రమాదం మరొకటి. మోటరు స్టార్టరును కదిలించడానికి బోర్డు ఒక రిలేను లాగాలి. చిన్న 5 వోల్టుల రిలే చుట్ట ఒక్కటే 70 మిల్లీ ఆంపియర్లు అడుగుతుంది. సగం చచ్చిన బ్యాటరీ ఆ బరువు మోయలేక వోల్టేజి దించేస్తుంది. వోల్టేజి దిగితే చిప్పు తనను తాను రక్షించుకోవడానికి మొదటికి వెళ్ళి తిరిగి మేల్కొంటుంది. మేల్కొని నేల ఎండిందని గ్రహించి మళ్ళీ రిలే లాగుతుంది. మళ్ళీ వోల్టేజి దిగుతుంది. రిలే టకటకలాడుతుంది. దానితోపాటు స్టార్టరూ టకటకలాడుతుంది. బోరు మోటరును అలా ఆపి వేసి, ఆపి వేస్తుంటే చుట్టలు కాలిపోతాయి. కాలిన మోటరును బోరులోంచి పైకి లాగడానికీ, మళ్ళీ చుట్టించడానికీ వేల రూపాయలు. ఈలోగా పొలం ఎండుతుంది. చిన్న బ్యాటరీ దగ్గర చేసిన నిర్లక్ష్యం పంట దాకా పాకుతుంది. "డెమో అయ్యేదాకా వస్తది" అన్న మాటకు అసలు ఖరీదు ఇది.

మరి దోషం ఎక్కడ ఉన్నది? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, పొలానికి వెళ్తూ మనం డెవలప్‌మెంటు బోర్డును మొత్తంగా మోసుకుపోతున్నాం. యూనో మీద ఏటీమెగా 328పీ అనే అసలు చిప్పు ఒకటి. దానికి తోడు కంప్యూటరుతో మాట్లాడటానికి మరొక చిప్పు, అస్తమానం వెలిగే దీపం, ఆగకుండా వేడి కక్కే రెగ్యులేటరు. పొలంలో కంప్యూటరు లేదు, దీపాన్ని చూసేవారు లేరు. అయినా వాటన్నిటికీ మనం మేత వేస్తూనే ఉన్నాం. పైగా అసలు చిప్పును సైతం క్షణం కన్ను మూయనివ్వం. నేల తేమ గంటగంటకూ మారేది కాదని తెలిసి కూడా సెకనుకు పదిసార్లు కొలిపిస్తాం.

ఆ ఒక్క చిప్పును విడిగా తీసి, గాఢనిద్రలోకి పంపి, తనను తాను మేల్కొలుపుకునే చిన్న గడియారాన్ని మాత్రం నడవనిస్తే, 3 వోల్టుల వద్ద అది తాగేది సుమారు 4 మైక్రో ఆంపియర్లు. మిల్లీ కాదు, మైక్రో. బోర్డు తాగేదానిలో పదివేలవ వంతు కన్నా తక్కువ.

ఇప్పుడు కొత్త లెక్క వేద్దాం. యంత్రం పావుగంటకు ఒకసారి లేస్తుంది. రెండు సెకన్లు పనిచేస్తుంది, అప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మళ్ళీ పడుకుంటుంది. నిద్రలో అన్నీ కలిపి 10 మైక్రో ఆంపియర్లనుకుందాం. పావుగంటలో 900 సెకన్లు గనుక, మెలకువ ఖర్చును దానిమీద పరిస్తే 44 మైక్రో ఆంపియర్లు. నిద్ర ఖర్చు కలిపితే సగటున 54. మామూలు పెన్సిలు సెల్లులు, అంటే 2,000 మిల్లీ ఆంపియర్ గంటలవి, మూడు వరుసగా పెడితే 37,000 గంటలు వస్తుంది. నాలుగేళ్ళ పైమాటే. ఎండ వేడిమికీ, సెల్లు తనంతట తాను కారిపోవడానికీ సగం కొట్టేయండి. అయినా రెండేళ్ళు. అవే మూడు సెల్లులతో యూనో బోర్డును ఉన్నదున్నట్టుగా నడిపితే 40 గంటలు. సెల్లులు అవే, వాటి వెల అదే. నలభై గంటలకూ రెండేళ్ళకూ నడుమ ఉన్న తేడా పేరే ఇంజనీరింగు. మిగిలినదంతా తీగలు కలపడం.

ఇదేదో పైలోకపు విద్య అనుకోవద్దు. మీ గోడమీద గడియారాన్ని చూడండి. ఒకే ఒక్క పెన్సిలు సెల్లుతో ఏడాది పొడుగునా నడుస్తుంది. సగటున తాగేది నూరు, రెండువందల మైక్రో ఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది. పై లెక్కలోని మన తేమ యంత్రం గోడ గడియారం కన్నా పొదుపరి. గడియారం చేసినవాడు సెల్లు గురించి చివర్లో ఆలోచించి ఉంటే మనం రోజుకొకసారి నిచ్చెన వేసుకుని గోడెక్కేవాళ్ళం.

నిద్రపుచ్చడం వల్ల మరొక లాభం ఉన్నది. ప్రాజెక్టు పొట్లాల్లో వచ్చే రెండు పళ్ళ తేమకొలత పుల్లను తడినేలలో గుచ్చి నిరంతరం కరెంటు పంపుతుంటే, విద్యుద్విశ్లేషణ వల్ల దాని పూత కొన్నాళ్ళకే తినుకుపోతుంది. దానికి నేరుగా కాక చిప్పు పిన్ను ద్వారా, కొలిచే ఆ రెప్పపాటు మాత్రమే కరెంటు ఇస్తే పుల్లా బ్రతుకుతుంది, సెల్లూ బ్రతుకుతుంది. శక్తిని లెక్కబెట్టడం అలవాటైతే తక్కిన దోషాలు కూడా కొన్ని వాటంతటవే సర్దుకుంటాయనడానికి ఇదొక ఉదాహరణ.

కొత్త బోర్డులు వచ్చాయి గదా అని కొందరంటారు. వచ్చాయి. ఈఎస్‌పీ 32 చిప్పు గాఢనిద్రలో 10 మైక్రో ఆంపియర్ల ప్రాంతంలోనే ఉంటుంది. అయితే దుకాణంలో దొరికే సాధారణ బోర్డు మీద దానికి తోడుగా ఉండే రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, దీపం కలిసి అనేక మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. రాజు పడుకున్నాడు, పరివారం మాత్రం విందు చేసుకుంటున్నది. పది మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకు 240 మిల్లీ ఆంపియర్ గంటలు. 2,500 గల లిథియం సెల్లు పదిరోజుల్లో ఖాళీ. ఫోను సందేశాలు పంపే సిమ్ 800ఎల్ మాడ్యూలు వ్యవహారం వేరొకటి. అది టవరుతో మాట్లాడేటప్పుడు రెప్పపాటులో వెయ్యోవంతు కాలం పాటు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ నుంచి ఆ గుక్క ఎన్నటికీ రాదు. "మాడ్యూలు చెడిపోయింది" అని దుకాణానికి తిరిగివెళ్ళే విద్యార్థుల్లో చాలామంది మాడ్యూళ్ళు నిక్షేపంగా ఉంటాయి. వాటికి తిండి చాలలేదు, అంతే. అది అడిగేది 3.4 నుంచి 4.4 వోల్టులు గనుక మంచి లిథియం సెల్లును నేరుగా ఇచ్చి, పక్కన వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటరును కాపలా పెడితే సరిపోతుంది.

ఇక్కడ మా మండలం సంగతి ఒకటి చెప్పాలి. ఆలేరు మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. పోచంపల్లి చీరకు చిటికి కట్టే ముందు పోగును మేకుల చుట్టూ తిప్పాలి. దాన్ని ఆసు పోయడమంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మమ్మ గారి భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆయన 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రాన్ని సాధించారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ చలనచిత్రమైంది. యంత్రపు తర్వాతి రూపాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది.

ఆయన చేసినదానిలో మన కళాశాలలు నేర్చుకోవలసిన పాఠం ఏమిటి? ఆయన మోటరు దగ్గర మొదలుపెట్టలేదు, బోర్డు దగ్గర మొదలుపెట్టలేదు. అమ్మ చేయి ఎన్నిసార్లు ఆడుతుందో అక్కడ మొదలుపెట్టారు. లెక్క ముందు, యంత్రం తర్వాత. మన ప్రాజెక్టుల్లో యంత్రం ముందు, లెక్క ఎన్నడూ రాదు.

ఆ 9,000 అనే అంకెనే పట్టుకుని ఒక ఊహ చేద్దాం. గోడ కరెంటుతో నడుస్తూ పోగులు లెక్కబెట్టే అలాంటి యంత్రం ఏదో ఒకటి మీరు ఏటీమెగా చిప్పుతో చేస్తున్నారనుకోండి. ఐదువేల మూడువందలో పోగు దగ్గర కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఎక్కడ ఆగిందో యంత్రానికి గుర్తుండాలి. లేకపోతే పట్టు దండగ, పూట దండగ. ఏం చేస్తారు? పుస్తకంలో చదివినవాడు "ప్రతి పోగుకూ లెక్కను చెరగని జ్ఞాపకంలో రాసేద్దాం" అంటాడు. ఆ చిప్పులోని చెరగని జ్ఞాపకపు ఒక్కో గడిని లక్ష సార్లు రాయవచ్చునని తయారీదారు హామీ. చీరకు 9,000 చొప్పున పన్నెండో చీర దగ్గర ఆ హామీ ముగిసిపోతుంది. రోజుకు రెండు చీరలు నడిచే ఇంట్లో వారం తిరగకుండానే!

శక్తి లెక్క తెలిసినవాడు మరోలా ఆలోచిస్తాడు. లెక్కను మామూలు జ్ఞాపకంలోనే ఉంచి, కరెంటు పోతున్నదని తెలిసిన క్షణాన ఒక్కసారి రాస్తాడు. ఆ రాతకు మూడు, నాలుగు మిల్లీ సెకన్లు చాలును. చిప్పు 20 మిల్లీ ఆంపియర్లు తాగుతూ పది మిల్లీ సెకన్లు బ్రతకాలంటే, వోల్టేజి 5 నుంచి 3కు దిగేలోగా, 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు సరిపోతుంది. భద్రత కోసం 470ది వేస్తాడు. కొద్ది రూపాయల వస్తువు. కరెంటు లేనప్పుడు కూడా యంత్రం మాట్లాడాలంటే చిన్న సెల్లు వేస్తాడు. నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది దీని గురించే. బ్యాటరీ అంటే కరెంటు లేనిచోట పెట్టే ప్రత్యామ్నాయం మాత్రమే కాదు. కరెంటు ఉన్నచోట కూడా అది యంత్రానికి జ్ఞాపకశక్తి.

"ఇవన్నీ విదేశాల్లో చేస్తారు, మనకు సాధ్యమా?" అనే నిట్టూర్పు ఒకటి వినవస్తుంటుంది. మిత్రులారా, హైదరాబాదు వెళ్ళి ఈసీఐఎల్ గడప చూసి రండి. మన ఓటింగు యంత్రాలు చేసే రెండు సంస్థల్లో అది ఒకటి, మరొకటి బెంగుళూరులోని బీఈఎల్. ఈసీఐఎల్ తొలి నమూనాను 1979లో తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి వాడారు. 2004 సార్వత్రిక ఎన్నికలు దేశమంతటా ఆ యంత్రాలతోనే జరిగాయి. ఆ యంత్రంలో ఉన్నది మైక్రోకంట్రోలరే. దానికి గోడ కరెంటు అక్కరలేదు. తనతో వచ్చే బ్యాటరీ పొట్లంతోనే నడుస్తుంది. కరెంటు లేని తండాలో సైతం పోలింగు ఆగకూడదన్న షరతు అక్కడ మొదటి షరతు. తక్కిన రూపకల్పన దాని వెనుక నడిచింది. తన బ్యాటరీ ఎంత మిగిలిందో తానే కొలిచి చూపిస్తుంది కూడా. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీచేసినప్పుడు ఒక్కో కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరుసగా తగిలించి నడిపారు. ఓటింగు యంత్రాల మీద రాజకీయ వాదాలు ఏమైనా ఉండనీయండి, అవి వేరే టపాకు. మనకు పనికొచ్చే సంగతి ఒక్కటే: మైక్రోకంట్రోలరును బ్యాటరీతో నమ్మకంగా నడిపే విద్య మన పక్క ఊళ్ళోనే నలభై ఏళ్ళకు పైగా ఉన్నది. మన సిలబసు గడప మాత్రం తొక్కలేదు.

ఇక ఆక్షేపణలకు జవాబు చెప్పాలి.

మొదటి ఆక్షేపణ: "ఇది విద్యార్థుల ప్రాజెక్టు, పరిశ్రమ సరుకు కాదు, ఇంత పట్టింపు దేనికి?" మంచిది. అయితే దానిమీద "రైతు కోసం" అని రాయకండి. "పరీక్ష కోసం" అని రాయండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు. రైతు పేరు వాడుకుంటే రైతు పెట్టే పరీక్ష కూడా రాయాలి. అతను అడిగేది ఒకటే: సెల్లు ఎప్పుడు మార్చాలి?

రెండవది: "ఇప్పుడు పల్లెల్లో కరెంటు ఉన్నది గదా, బ్యాటరీ ఎందుకు?" తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైన మాట వాస్తవం. అంతకుముందు వంతులవారీగా కరెంటు వచ్చిన రోజుల్లో అర్ధరాత్రి బాయికాడికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. 24 గంటల సరఫరా వచ్చే ముందు, నీరు వృథా అవుతుందని ప్రభుత్వమే వాటిని తీసేయమన్నది. అంటే బుద్ధిలేని స్వయంచాలకం స్థానంలో బుద్ధిగల యంత్రం కావలసిన సమయం సరిగ్గా ఇదే. కానీ బోరు దగ్గర ఉండేది మోటరుకు వచ్చే మూడు ఫేజుల తీగ. తేమ కొలవవలసినది చెలక నడిమధ్యన. అక్కడ సాకెట్టు ఎవరూ పెట్టలేదు. ఆపైన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని కబురు చెప్పవలసిన యంత్రం ఆ ట్రాన్స్‌ఫార్మరు మీదే ఆధారపడితే కబురు ఎవరు చెబుతారు?

మూడవది: "సౌరఫలకం పెడితే సరి." సరే. యూనో బోర్డు 5 వోల్టుల వద్ద 50 మిల్లీ ఆంపియర్లు తాగితే రోజుకు 6 వాట్ గంటలు. దానికి తగిన ఫలకం, రాత్రికీ ముసురుకూ నిలవ చేసే సెల్లు, ఛార్జింగు చిప్పు, పైన పడే దుమ్ము తుడిచే మనిషి. చిల్లికుండ మార్చకుండా పెద్ద బావి తవ్వినట్టు. ముందు చిల్లి పూడ్చండి. ఆ తర్వాత, నిజంగా రేడియో, ఫోను మాడ్యూలు వంటివి ఉంటే, చిన్న ఫలకం చాలును. "పవర్‌బ్యాంకు పెడతాం" అనేవారికి కూడా ఒక మాట. చాలా పవర్‌బ్యాంకులు బరువు లేదనుకుని తామే ఆగిపోతాయి. మీ యంత్రం పొదుపుగా పడుకున్న మరుక్షణం దాని దీపం ఆరిపోతుంది.

నాలుగవది అసలు ఆక్షేపణ కాదు, ఆపద. తొమ్మిది వోల్టులది వద్దనగానే కొందరు ల్యాప్‌టాప్ పాత బ్యాటరీల నుంచి ఒలిచిన 18650 లిథియం సెల్లులు తెస్తున్నారు. మంచి సెల్లు మంచిదే. కాని "9,900" అని అచ్చువేసినది ఏదైనా అబద్ధమే. ఆ పరిమాణంలో నిజమైన సెల్లులు 2,000 నుంచి 3,500, మహా అయితే నాలుగువేల చుట్టుపక్కల ఆగుతాయి. రక్షణ చిప్పు లేని ఛార్జింగు పలకతో, 45 డిగ్రీల ఎండలో, మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో లిథియం సెల్లును ఛార్జి చేయడం నిప్పుతో చెలగాటం. ఆ సెల్లులు 45 డిగ్రీలు దాటాక ఛార్జి కారాదు. మా వైపు మే నెలలో నీడలోనే ఆ అంకె వస్తుంది, డబ్బా లోపల సంగతి చెప్పనక్కరలేదు. తప్పదనుకుంటే 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు చూడండి. వేడికి మరికొంత నిబ్బరంగా ఉంటుంది, 3.3 వోల్టుల చిప్పులకు సరిపోతుంది. పొదుపరి యంత్రానికైతే ఇవేవీ అక్కరలేదు. కిరాణా కొట్లో దొరికే పెన్సిలు సెల్లులు చాలును. పాడైతే రైతు తానే మార్చుకోగలడు. ఈ చివరి గుణం ఏ సిలబసులోనూ ఉండదు, పల్లెలో మాత్రం ఇదే మొదటి గుణం.

ఇంత రాసింది ఎవరినో ఎగతాళి చేయడానికి కాదు. పల్లెకు వచ్చే ప్రతి పనికిమాలిన యంత్రం, దాని వెనుక రాబోయే మంచి యంత్రానికి తలుపు మూసేస్తున్నది. రెండు రోజుల్లో చచ్చిన పెట్టెను చూసిన రైతు మూడో రోజున మీ మాట వినడు. "గీ డబ్బాలు మస్తుగ చూసినం" అంటాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆ అపనమ్మకాన్ని పోగొట్టడానికి ఏ బ్యాటరీ చాలదు.

కాబట్టి నా డిమాండు చిన్నది. ప్రతి ప్రాజెక్టు నివేదికలో, మొదటి పుటలో, శీర్షిక కింద నాలుగు అంకెలు ఉండాలి. మేల్కొన్నప్పుడు ఎంత తాగుతుంది. నిద్రలో ఎంత తాగుతుంది. ఎంతసేపటికొకసారి లేస్తుంది. సెల్లు ఎన్నాళ్ళు వస్తుంది. ఈ నాలుగూ మల్టీమీటరుతో కొలిచినవై ఉండాలి, వీడియోలో విన్నవి కారాదు. ఇవి లేని నివేదికపై అధ్యాపకుడు సంతకం పెట్టరాదు.

తోటి బ్లాగరుల్లో ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు, బోధనలో ఉన్నవారు పలువురు ఉన్నారు. లెక్కల్లో తేడా ఉంటే వ్యాఖ్యల్లో నిలదీయండి, దిద్దుతాను. వాదంతో విభేదిస్తే ఇంకా సంతోషం. కాకపోతే వాదించడానికి వచ్చేటప్పుడు మీ అలమరలో పడివున్న బోర్డు ఒకటి తీసి, బ్యాటరీకీ దానికీ నడుమ మీటరు పెట్టి, ఆ అంకెతో రండి.